మంచి కాలు కొలత

నా పదవీ విరమణ నాడు శాలువా కప్పి, నేను నడిపించిన వాళ్ళ గురించి గంటసేపు మాట్లాడారు. నాకే గుర్తులేని వాళ్ళ గురించి కూడా మాట్లాడారు. ఫిజియోథెరపీ చదువు ముగించి కొత్తగా చేరిన పిల్లలు మీరంతా ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఎవరూ ఎత్తని కేసు ఒకటుంది. ఎత్తే వీలు కూడా లేదు, ఎందుకంటే అందులో నేను చేసిన తప్పు అప్పటికి నాకు తప్ప ఎవరికీ తెలియదు. అది ఇప్పుడు మీకు చెబుతాను. విన్నాక శాలువా తిరిగి ఇమ్మంటే ఇచ్చేస్తాను, ఎలాగూ అది బీరువాలోనే పడి ఉంది.

నేను పనిచేసింది మదనపల్లెలో ఒక ఎముకల ఆసుపత్రిలో. ఇల్లు పుంగనూరు. వారమంతా మదనపల్లెకు తిరిగేదాన్ని. శనివారం మాత్రం కుప్పంలో మా ఆసుపత్రి వాళ్ళు నడిపే చిన్న క్లినిక్కుకు పోవాలి. పొద్దున్నే పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో పోయి దిగేసరికి, నా నడుమునే ఎవరైనా ముందు పట్టి సరిచేస్తే బాగుండుననిపించేది. ఆపరేషన్లు మదనపల్లెలో చేసేవాళ్ళం. ఆ తర్వాత కుప్పం వైపు వాళ్ళకు వ్యాయామాలు కుప్పంలోనే నేను చేయించేదాన్ని.

నేను చెప్పబోయే ఆమెది శాంతిపురం దగ్గర ఒక పల్లె. నలభైకి ఒకటి రెండేళ్ళు తక్కువ. బెంగళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పదేళ్ళు మిషను తొక్కి, ఒక లైనుకు సూపర్‌వైజరయింది. తెల్లారకముందే కుప్పం స్టేషన్లో రైలెక్కి, పొద్దుపోయాక దిగే ఉద్యోగం. భర్త ఎప్పుడో వదిలేసి పోయాడు. ఇంట్లో తల్లి, ఇంటర్ చదివే కూతురు. ముగ్గురికీ ఆధారం ఆ ఒక్క జీతమే. ఒక వానరోజు స్టేషను మెట్ల మీద జారి ఎడమ మోకాలి మీద పడింది. మోకాటి చిప్ప రెండు ముక్కలయింది. మా పెద్ద డాక్టరు దాన్ని తీగతో బిగించి కట్టారు. ఆయన చెయ్యి మంచిది, ఆ మాటలో వంక పెట్టడానికి లేదు.

ఫ్యాక్టరీ వాళ్ళు మూడు నెలలు గడువిచ్చారు. ఆలోగా నిలబడి పనిచేయగలదని ఆసుపత్రి కాగితం తెస్తే ఆమె స్థానం ఆమెకే ఉంటుంది. తేకపోతే కింద పనిచేసే అమ్మాయికి ఇచ్చేస్తారు. ఆపరేషనయిన మర్నాడు మంచం మీద నుంచే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మూడు నెల్లకు నేను రైలెక్కల్ల మేడం. నొప్పి ఎంతుండినా ఓర్సుకుంటా. యాడిదాకా వంచల్లంటే ఆడిదాకా వంచండి. అయ్యో అమ్మా అంటే అడగండి నన్ను."

నిజంగానే అనలేదు. అంత ఓర్పున్న మనుషుల్ని నేను చాలా తక్కువమందిని చూశాను.

మోకాలి ఆపరేషనయితే ముందు కరిగిపోయేది తొడ కండ. పది రోజులు కాలు కదపకపోతే చాలు, చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. దాన్ని తిరిగి తేవడానికి వ్యాయామం ఒక్కటే చాలదు, తిండి కావాలి. గుడ్డు, పాలు, పప్పు, మాంసం, చెనక్కాయలు, ఏవి దొరికితే అవి. ఇటుకలు రాకుండా మేస్త్రీ ఒక్కడే గోడ కట్టలేడు కదా. ఇదంతా నేను ఆమెకూ, మంచం పక్కన నిలబడిన ఆమె తల్లికీ చెప్పాను. చెప్పాననే అంటున్నాను. ఆ జాబితా నేను అప్పటికి కొన్ని వేలసార్లు అప్పజెప్పి ఉంటాను, ఎదుటి మనిషి వింటున్నదీ లేనిదీ చూడటం మానేసి చాలా ఏళ్ళయింది.

తల్లి అరవై దాటిన మనిషి, సన్నగా ఉండేది. కొంగు నడుముకు చుట్టి చేతులు కట్టుకుని విన్నది. "అట్నేమ్మా. అన్నీ పెడతా. నా బిడ్డ లేసి తిరిగితే నాకంతే సాలు" అన్నది.

కుట్లు విప్పాక ఆమె కుప్పం క్లినిక్కుకు రావడం మొదలుపెట్టింది. ప్రతి శనివారం తల్లితో కలిసి ఆటోలో వచ్చేది. నేను చెప్పిన వ్యాయామాలు పదిసార్లంటే ఇరవైసార్లు చేసేది. మోకాలు బాగా వంగసాగింది. కండ ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి నేను టేపుతో రెండు తొడలూ కొలిచేదాన్ని, చిప్పకు జానెడు పైన. దెబ్బతగలని కాలిని మేము మంచి కాలు అంటాం. మంచి కాలి కొలత ఒక వరసలో, ఆపరేషనయిన కాలి కొలత ఇంకో వరసలో నోటుబుక్కులో రాసి, రెండింటి తేడాకు ఎర్ర ఇంకుతో సున్నా చుట్టడం నా అలవాటు. తేడా తగ్గుతూ వస్తే ఆ కాలు కోలుకుంటున్నట్టు. మా లెక్చరర్లు అలా నేర్పారు, నేనూ మీలో కొందరికి అలాగే నేర్పాను.

మొదటిసారి తేడా మూడు సెంటీమీటర్లు. ఆరో వారానికి రెండు. పన్నెండో వారానికి అర సెంటీమీటరు. అంత బాగా కోలుకున్న చిప్ప కేసు ఆ ఏడు నా దగ్గర ఇంకొకటి లేదు. మదనపల్లెలో మా వార్డు సిస్టరుకు ఆ ఎర్ర సున్నాలు చూపించి గొప్పలు చెప్పుకున్నాను కూడా.

గాజులు చూశాను నేను. అది ఒప్పుకోవాలి. మొదట్లో మణికట్టు దగ్గర ఆగే గాజులు, చెయ్యి ఎత్తితే మోచేతిదాకా జారుతున్నాయి. "ఏమ్మా, సన్నబడినావే! బెంగళూరు పోయేలోగా పెళ్ళికూతురివైపోతావా ఏంది?" అని ఎగతాళి చేశాను. ఆమె నవ్వింది, తల్లి నవ్వలేదు. "తింటున్నావా సరిగ్గా?" అని అడిగాను. "తింటాండా మేడం" అన్నది. ఏమి తింటున్నావని నేను అడగలేదు. బరువు తూచే మిషను పక్క గదిలో ఉండేది, లేచి అక్కడికి తీసుకుపోవడానికి నాకు బద్ధకం.

ఆ పన్నెండో శనివారం ఆమె మంచి చీర కట్టుకుని వచ్చింది. కాగితం అడగడానికి వచ్చిందని చూడగానే తెలిసింది. క్లినిక్కులో ఒక చెక్క మెట్టు ఉండేది, గోడకు కడ్డీ. కడ్డీ పట్టుకుని నాలుగుసార్లు ఎక్కించి దింపించాను. మెట్లెక్కడానికి ఒక పద్ధతి ఉంది, మీకు తెలిసిందే. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు పెట్టాలి, ఒళ్ళు బరువంతా అది పైకి లేపుతుంది. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు. బయట ఇంకా పదిమంది కూర్చున్నారు. నాకు సాయంత్రం బస్సు తొందర.

"కాగితం రాసిస్తే సోమవారం పోతా మేడం. గడువు ఆ దినమే. మళ్ళీ వారమంటే నా సీటు ఉండదు" అన్నది.

రాసిచ్చాను. పెద్ద డాక్టరు ఆ రోజు కుప్పంలోనే ఉన్నారు, నా అక్షరాలు చూసి చదవకుండానే సంతకం చేశారు. తల్లి నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. నాకు చాలా సంతోషం వేసింది, దాచుకోవడం దేనికి.

సోమవారం నేను మదనపల్లెలో డ్యూటీలో ఉండగా ఆమె కూతురు ఫోను చేసింది. ఏడుపులో సగం మాటలు అర్థం కాలేదు. తెల్లవారుజామున రైలు ఆగింది, అమ్మ కడ్డీ పట్టుకుని ఎక్కబోయింది, వెనక్కి ప్లాట్‌ఫారం మీద పడిపోయింది, లేవలేకపోతున్నది. అంతవరకు తెలిసింది. మధ్యాహ్నానికి అంబులెన్సులో మా దగ్గరికే తెచ్చారు. తీగతో కట్టిన ఎడమ మోకాలికి ఏమీ కాలేదు. విరిగింది కుడి కాలు, తుంటి దగ్గర.

స్ట్రెచరు పక్కన నడుస్తూ "ఎట్లా పడినావమ్మా?" అని అడిగాను.

"మీరు సెప్పినట్లే మంచి కాలే ముందు పెట్టినా మేడం. అదే లేపలేదు నన్ను. ఎందుకో తెలియడం ల్యా" అన్నది.

ఎక్స్‌రే గదిలోకి ఆమెను పంపి, నా గదికి పోయి నోటుబుక్కు తీశాను. అన్ని వారాల్లో మొదటిసారి ఎర్ర సున్నాలు వదిలేసి వరసలు చూశాను. ఆపరేషనయిన కాలు నలభై మూడు, నలభై రెండు, నలభై ఒకటిన్నర. అది తగ్గినప్పుడల్లా వాపు దిగుతున్నదిలే అనుకునేదాన్ని. మంచి కాలు నలభై ఆరు, నలభై నాలుగు, నలభై రెండు. నొప్పి కాలు కోలుకోలేదు. మంచి కాలు దాని దగ్గరికి చిక్కిపోయి వచ్చింది. మూడు నెలల్లో ఆ మనిషి రెండు కాళ్ళలోనూ కండ కరిగిపోతుంటే, ఒకదాంతో ఇంకోదాన్ని పోల్చి నేను తేడా తగ్గిందని సంబరపడ్డాను. రాసింది నా చేత్తోనే, కనబడింది మాత్రం అప్పుడు. నోటుబుక్కు మూసి సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఇంటి సంగతి సాయంత్రానికల్లా బయటపడింది. వార్డు ఆయమ్మ చెప్పింది. మొదటి ఆపరేషనప్పుడు ఆసుపత్రి ఇచ్చే ఉడకబెట్టిన గుడ్లు, పాలు రోజూ పక్క మంచాల వాళ్ళకు పోయేవట. తల్లి ఇంటి నుంచి తెచ్చిన డబ్బాలో అన్నం, మిరియాల చారు, వెల్లుల్లి కారం. అంతే. మూడు నెలలూ ఇంట్లో కూడా అదే పథ్యం. పప్పు తింటే కుట్లలో చీము పడుతుందని, గుడ్డు తింటే నవ పుడుతుందని, పెరుగు వాతమని, చెనక్కాయలు పైత్యమని, సంగటి అరగదని, ఒక్కొక్కటిగా అన్నీ మాన్పించింది.

"తెలిసి మాకు చెప్పలేదేం?" అని సిస్టరు ఆయమ్మ మీద అరిచింది.

"ఏం సెప్పేదమ్మా? కోసినాక పథ్యం ఉండకుండా యా ఇంట్లో ఉంటారు? మా కోడలికి నేనూ అట్నే పెట్టినా" అన్నది ఆయమ్మ.

సిస్టరుకు ఇద్దరు పిల్లలూ ఆపరేషనుతోనే పుట్టారు, నలభై రోజులు వెల్లుల్లి కారంతోనే తిన్నది. నేను మాత్రం? ఇంత చదువు చదివి, నా కాన్పుకు మా అమ్మ పెట్టిన కారపు ముద్దలు నోరు మూసుకుని తిన్నాను. మా ముగ్గురికీ తెలిసిన ఆచారమే అది. అందుకే మా ముగ్గురిలో ఎవరికీ అది అడగవలసిన సంగతిగా తోచలేదు.

మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు రౌండుకు వచ్చారు. అప్పటికే ఆయనకు పథ్యం సంగతి చేరింది. ఆయన మంచివాడే గానీ కోపమొస్తే నోటికి అడ్డు ఉండదు. ఇరవై మంచాల వార్డులో, అందరూ చూస్తుండగా, ఆ తల్లిని నిలబెట్టి అడిగారు.

"బంగారంలాంటి ఆపరేషను చేసి పంపిస్తే చారునీళ్ళు పోసి పడుకోబెట్టావా? కూతురి ఒంట్లో కండ లేకుండా చేశావు. ఈ కాలు రైలు వల్ల విరగలేదు. నీ చేతులారా నువ్వే విరగ్గొట్టావు, తెలుసా?"

మంచం మీద నుంచి కూతురు "నేనే వద్దంటి సార్, మా యమ్మ తప్పు ల్యా" అన్నది. ఎవరూ పట్టించుకోలేదు. పక్క మంచాల వాళ్ళు కూడా తలలు ఊపుతున్నారు, ఆ గుడ్లు తిన్నవాళ్ళ లాంటివాళ్ళే. తల్లి మెల్లగా అన్నది.

"మా ఇంటాయన రాళ్ళ క్వారీలో పన్జేస్తా ఉండె సార్. రాయి పడి కాలు నుజ్జయిపాయ. బలమొస్తాదని పప్పు, గుడ్డు, కూర అన్నీ వండి పెడితిని. చీము పట్టి సచ్చిపాయ. నువ్వే తినబెట్టి సంపితివని మా యత్త, ఊర్లో ఆడోళ్ళు అందరూ అనిరి. అప్పుడు పెట్టినానని తిట్టిరి. ఇప్పుడు పెట్టలేదని మీరు తిడతాండారు. ఇంగ నేనేం సేయల్ల?"

పెద్ద డాక్టరు నా వైపు తిరిగి, "మీరు వీళ్ళకు తిండి గురించి చెప్పలేదా?" అన్నారు.

"చెప్పాను సార్" అన్నాను.

అబద్ధం కాదు. కేసు షీటులో నా సంతకంతో సహా ఉంది. కానీ ఆ మాట తర్వాత ఇంకో మాట చెప్పాల్సి ఉండింది. తల్లి ఏమి తినబెట్టిందో నాకు తెలియకపోయినా, కూతురి ఒళ్ళు తరిగిపోవడం నా నోటుబుక్కులో వారం వారం రాసి ఉందని, అది చదవాల్సింది నేనని, పథ్యం పెట్టిన తల్లి ఆమెను రైలెక్కించలేదని, నా కాగితం ఎక్కించిందని చెప్పాలి. నోరు రాలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ మంచి పేరు, పెద్ద డాక్టరు ఎదురుగా, వార్డు నిండా జనం. భయపడ్డాను. ఆయన తల ఊపి పక్క మంచానికి పోయారు. నేనూ ఆయన వెనకే పోయాను.

ఆ తర్వాత ఆ తల్లి మారిపోయింది. రెండో ఆపరేషను తర్వాత రోజుకు రెండు గుడ్లు, పాలు, పప్పు, ఏది చెబితే అది పెట్టింది. పెట్టేముందు గిన్నె మూత తీసి సిస్టరుకు చూపించేది. కుప్పం క్లినిక్కుకు మళ్ళీ వస్తున్నప్పుడు మాత్రం లోపలికి రాలేదు. చెప్పులు విడిచే చోట గోడకు ఆనుకుని కూర్చునేది. "లోపలికి రామ్మా" అని పిలిస్తే, "నేనొద్దులేమ్మా, మీరు సూసుకోండి" అనేది. పిలిచి ఊరుకున్నాను నేను. బయటికి పోయి ఆమె పక్కన కూర్చుని రెండు మాటలు చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. అన్ని శనివారాల్లో ఆ అయిదు నిమిషాలు నాకు కుదరలేదంటే మీరు నమ్మనక్కర్లేదు.

కుడి కాలు అతికింది గానీ అంగుళమున్నర పొట్టి అయింది. చంకలో కర్ర లేకుండా నడవలేదు. రోజంతా నిలబడే ఉద్యోగం పోయింది. కొన్నాళ్ళకు క్లినిక్కుకు రావడం కూడా మానేశారు.

విరమణ తర్వాత ఏడాది ఆగి, ఈ మధ్య శాంతిపురం బస్సెక్కి, దిగి దారి అడుగుతూ ఆ పల్లెకు పోయాను. ఆ నోటుబుక్కు సంచిలో పెట్టుకుని పోయాను. ఆమె ఇంటి ముందరి గదిలో మోటారు బిగించిన మిషను మీద జాకెట్లు కుడుతున్నది. నన్ను చూసి లేవబోతే వద్దని కూర్చోబెట్టాను. కూతురు ఏదని అడిగితే, ఇంటరుతో చదువు మానేసి అదే రైల్లో అదే ఫ్యాక్టరీకి పోతున్నదని చెప్పింది. తల్లి గురించి అడగబోయి, ముందు నేను చెప్పాల్సింది చెప్పేద్దామని పుస్తకం తెరిచాను. రెండు వరసలూ చూపించాను. ఏది ఎందుకు తగ్గిందో, నేను ఏది చూసి కాగితం రాశానో చెప్పాను. ఆమె కుట్టుపని మనిషి, టేపు లెక్కలు నాకన్నా త్వరగా అర్థమయ్యాయి.

"అంటే ఆ దినం మీరు కాగితం ఇచ్చుండకూడదు" అన్నది.

"ఇచ్చుండకూడదు."

"వార్డులో సార్ మా యమ్మను తిట్టినప్పుడు, మీకు ఇది తెలుసునా?"

"ముందురోజే తెలుసు."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని కూర్చున్నాను. మిషను కింద పడిన దారపు ముక్కలు కర్రతో ఒక పక్కకు జరిపింది.

"మా యమ్మ పోయినేడు పాయ మేడం. జ్వరమొచ్చి మూడు దినాలు పండుకోనుండె. మూడు దినాలూ ఒగటే మాట, నా సేత్తో నీ కాలు ఇరగ్గొడితిని పాపా అని. నీ తప్పొకటే కాదుమా అని నేను ఎన్నితూర్లు సెప్పినా ఇనలేదు. నేను సెప్తే యాడ ఇంటాది? బిడ్డను గదా, ఊరికే సముదాయిస్తాండాననుకుంటాది. మీరొచ్చి సెప్పింటే ఇనేది."